పోక్ పోక్ మూతపడి ఐదేళ్ళు: గంటన్నర క్యూ ఉన్న హోటల్ రాత్రికి రాత్రి ఎలా పోయింది?

హిల్స్‌బరో_వాసి · అక్టోబర్ 24, శుక్రవారం ఉదయం

నమస్తే అందరికీ. ఈ అక్టోబర్ 30కి పోర్ట్‌లాండ్‌లో పోక్ పోక్ అనే థాయ్ హోటల్‌ని శాశ్వతంగా మూసేస్తున్నామని చెప్పి ఐదేళ్ళు నిండుతాయి. ఒరెగాన్‌లో ఉండే మనవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను.

దాన్ని పెట్టిన ఆండీ రికర్ అమెరికావాడు, వెర్మాంట్‌లో పెరిగాడు. 1980ల్లో థాయ్‌లాండ్ వెళ్ళి అక్కడి తిండి మీద మనసు పారేసుకున్నాడు. పోర్ట్‌లాండ్‌లో ఇళ్ళకు రంగులు వేసే పని చేసుకుంటూ, వీలైనప్పుడల్లా చియాంగ్ మాయ్ వెళ్ళి, ఇళ్ళలో వండేవాళ్ళ దగ్గరా, రోడ్డు పక్కన వండేవాళ్ళ దగ్గరా నేర్చుకున్నాడు. 2005లో డివిజన్ స్ట్రీట్‌లో ఒక పాత ఇంటి దగ్గర చిన్న షెడ్డు లాంటి దుకాణం పెట్టాడు. బొగ్గుల మీద కాల్చిన కోడి, అప్పటికప్పుడు దంచిన పచ్చి బొప్పాయి సలాడ్, అన్నీ పార్సెల్. 2007లో ద ఒరెగోనియన్ పత్రిక దాన్ని ఆ సంవత్సరపు మేటి రెస్టారెంట్ అంది. 2011లో ఆయనకి, అమెరికాలో చెఫ్‌లకి పెద్ద గౌరవమైన జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. తర్వాత న్యూయార్క్, లాస్ ఏంజిలిస్, పుస్తకం, టీవీ, అన్నీ.

నేను 2013లో ఇక్కడికి వచ్చాను. శుక్రవారం సాయంత్రం వెళ్తే గంటన్నర ఆగాల్సిందే. పేరు రాయించుకుని, రోడ్డుకి అవతల వాళ్ళదే ఉన్న విస్కీ సోడా లౌంజ్‌లో కూర్చునేవాళ్ళం. అక్కడా ఖాళీ ఉండేది కాదు. 2020 మార్చిలో ఒరెగాన్ గవర్నర్ హోటళ్ళలో కూర్చుని తినడం ఆపేయమన్నారు. జూన్‌లో పోర్ట్‌లాండ్‌లోని నాలుగు శాఖలు మూసేస్తున్నామన్నారు. అక్టోబర్ 30న అసలు దుకాణం కూడా అయిపోయింది.

అంత జనం, అన్ని అవార్డులు, పదిహేనేళ్ళ పేరు. ఏడు నెలల్లో ఎలా పోతుంది? హోటల్ వ్యాపారం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు నిజంగా అర్థం కాలేదు.

---

ఎడిసన్_వంటిల్లు · శుక్రవారం మధ్యాహ్నం

వాసి గారూ, నేను న్యూజెర్సీలో పదకొండేళ్ళుగా చిన్న హోటల్ నడుపుతున్నాను. ఆంధ్రా భోజనం, టిఫిన్లు. మీ ప్రశ్నకి నా గల్లాపెట్టె దగ్గర నుంచి జవాబు చెప్తాను.

ఈ వ్యాపారంలో అందరూ అనుకునే లెక్క ఒకటుంది. 100 డాలర్ల బిల్లు వస్తే 30 సరుకులకి పోతుంది. 30 నుంచి 35 జీతాలకి. 8 నుంచి 10 అద్దెకి. కార్డు మిషన్ వాడికి దాదాపు 3. గ్యాసు, కరెంటు, ఇన్సూరెన్స్, పగిలిన ప్లేట్లు, పాడైన ఫ్రిజ్, అకౌంటెంట్, లైసెన్సులు. అన్నీ పోగా 3 నుంచి 5 డాలర్లు మిగిలితే ఆ హోటల్ బాగా నడుస్తున్నట్టు లెక్క. డెలివరీ యాప్ ద్వారా వచ్చిన ఆర్డర్ అయితే వాడి కమీషనే 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. మిగిలేది ఎక్కడ?

ఇంకో సంగతి బయటివాళ్ళకి తెలియదు. ఈ వారం గల్లాలో పడ్డ డబ్బుతో మేం పోయిన నెల కూరగాయల బిల్లు కడతాం. సరుకు వేసేవాడు 15 రోజులో, 30 రోజులో అప్పు ఇస్తాడు. రోజూ అమ్మకం ఉన్నంత కాలం చక్రం తిరుగుతూ ఉంటుంది. ఒక్కసారిగా అమ్మకం ఆగితే? పాత బిల్లులన్నీ ఇంటి ముందుకు వచ్చి నిలబడతాయి, కొత్త డబ్బు రాదు. క్యూ ఎంత పొడుగున్నా ఆ క్యూ బ్యాంకులో దాచిన డబ్బు కాదు కదండీ.

పోక్ పోక్ లాంటి చోట ఖర్చు ఇంకా ఎక్కువ. ఆ బొప్పాయి సలాడ్ ఒక్కో ప్లేటూ విడిగా రోట్లో దంచాలి. మా దగ్గర గోంగూర పచ్చడి పొద్దున్నే ఒకేసారి చేసి పెట్టుకుంటే రాత్రి దాకా నడుస్తుంది. వాళ్ళకి అలా కుదరదు. ఒక మనిషి సాయంత్రమంతా అదే పని మీద నిలబడాలి. 2020 జూలై నుంచి పోర్ట్‌లాండ్‌లో కనీస వేతనం గంటకి 13.25 డాలర్లు. ఒరెగాన్‌లో టిప్పులు వస్తున్నాయని జీతం తగ్గించడానికి వీల్లేదు. అది పనివాళ్ళకి మంచిదే, నేను తప్పు పట్టట్లేదు. కానీ లెక్కలో ఉంటుంది.

---

తెనాలి_అమ్మాయి · శుక్రవారం సాయంత్రం

ఈ పేరు చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది. 2016లో అమ్మ తెనాలి నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చింది. అప్పుడు మేం బీవర్టన్‌లో ఉండేవాళ్ళం. అమెరికా తిండి ఏదీ నోటికి రావట్లేదని నాలుగు రోజులుగా పెరుగన్నం, ఆవకాయతో సరిపెడుతోంది. ఒక మంగళవారం మధ్యాహ్నం, జనం తక్కువ ఉంటారని పోక్ పోక్‌కి తీసుకెళ్ళాను.

మేం కూర్చున్న రెండు నిమిషాలకి లోపల్నుంచి చప్పుడు మొదలైంది. మట్టి రోట్లో చెక్క రోకలి. టక్ టక్ అని కాదు, కాస్త తడిగా, లోతుగా. అమ్మ మెడ తిప్పి, "ఎవరో పచ్చడి దంచుతున్నారే" అంది. ఆ చప్పుడునే థాయ్ వాళ్ళు పోక్ పోక్ అంటారని, హోటల్ పేరు అదేనని చెప్తే నమ్మలేదు. లేచి వెళ్ళి కౌంటర్ పక్కన నిలబడి చూసింది. వెల్లుల్లి, మిరపకాయ, తాటిబెల్లం ముందు కచ్చాపచ్చాగా నలిపాడు. తర్వాత బీన్సు కాయలు, టమాటా, ఎండు రొయ్యలు, వేరుశనగపప్పు. చివర్లో పచ్చి బొప్పాయి తురుము. దాన్ని దంచలేదు. ఒక చేత్తో రోకలి ఆడిస్తూ, రెండో చేత్తో గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పాడు. అమ్మ తిరిగొచ్చి, "వీడికి చెయ్యి తిరుగుతుందే, నేర్పినవాళ్ళెవరో గట్టివాళ్ళు" అంది.

తర్వాత ఆ ఫిష్ సాస్ చికెన్ వింగ్స్ వచ్చాయి. పైన బంగారు రంగులో వేయించిన వెల్లుల్లి ముక్కలు, చేతికి జిగటగా అంటుకునే తీపి ఉప్పు పాకం. అమ్మ వాసన చూసి "నెత్తళ్ళు" అంది. నిజమే, ఫిష్ సాస్ చేసేది నెత్తళ్ళూ ఉప్పూ కలిపి నెలల తరబడి మాగబెట్టే. బల్ల మీద పెట్టిన మంచినీళ్ళు కూడా ఏదో వాసన వస్తుంటే అడిగాను, పాండన్ ఆకు వేస్తారట. మన మొగలి జాతి మొక్కే. ఆ నీళ్ళు అమ్మ మూడు గ్లాసులు తాగింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆ హోటల్ కూడా లేదు. లెక్కలు నాకు తెలియవు కానీ, మూసేశారని విన్న రోజు నేను ఏడ్చాను.

---

బ్రూక్లిన్_బాబు · శుక్రవారం రాత్రి

అక్కా, అమ్మగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

వాసి గారి ప్రశ్నకి ఒక మాట. అంతా కోవిడ్ మీదకి నెట్టేస్తే కథ సగమే తెలుస్తుంది. పోక్ పోక్ న్యూయార్క్ 2012లో బ్రూక్లిన్‌లో మొదలైంది. 2015 మిషెలిన్ గైడ్‌లో, మేటి రెస్టారెంట్లకి ఇచ్చే మిషెలిన్ స్టార్ కూడా వచ్చింది. అయినా 2018 సెప్టెంబర్ మొదట్లో, లేబర్ డే వారాంతంలో మూసేశారు. అప్పటికి కోవిడ్ మాటే లేదు. లాస్ ఏంజిలిస్ చైనాటౌన్‌లోది అంతకు ముందే, 2017లో పోయింది. నేను బ్రూక్లిన్‌లో కొలంబియా స్ట్రీట్ శాఖకి మూడుసార్లు వెళ్ళాను. సబ్‌వే దిగాక పావుగంట నడక. జూన్‌లో బానే ఉంటుంది, జనవరిలో సముద్రం మీద నుంచి గాలి కొడుతుంటే ఎంతమంది నడుస్తారు? ఒక ఊళ్ళో, ఒక వీధిలో, ఒక మనిషి రోజూ నిలబడి చూసుకుంటే నడిచిన హోటల్ మూడు వేల మైళ్ళ దూరంలో అలాగే నడుస్తుందనుకోవడమే పొరపాటేమో అనిపిస్తుంది నాకు.

ఇక్కడ న్యూయార్క్‌లో మొమొఫుకు రెస్టారెంట్ల సంగతి కూడా చూడండి. డేవిడ్ చాంగ్ 2004లో ఈస్ట్ విలేజ్‌లో నూడుల్ బార్ పెట్టాడు. 2006లో శామ్ బార్, 2008లో కో. కోకి రెండు మిషెలిన్ స్టార్లు. నెట్‌ఫ్లిక్స్ షోలు, పుస్తకాలు, ఆసియా వంటల పేరు చెప్తే ముందు ఆయన ముఖమే. 2020 మేలో ఆయనవే నిషి, వాషింగ్టన్‌లోని సీసీడీసీ అనే రెస్టారెంట్లు మూసేస్తున్నామన్నారు. 2021లో సిడ్నీలో సెయోబో. 2023 సెప్టెంబర్ 30న శామ్ బార్, నవంబర్ 4న కో. నూడుల్ బార్ ఉంది, కానీ ఇప్పుడు ఆ పేరు ఎక్కువగా కనిపించేది సూపర్‌మార్కెట్లో, చిల్లీ క్రంచ్ అనే కరకరలాడే మిరపకాయ నూనె సీసాల మీదా నూడుల్స్ ప్యాకెట్ల మీదా. 2024 ఏప్రిల్‌లో ఆ చిల్లీ క్రంచ్ అనే మాట మాదేనని చిన్న కంపెనీలకి నోటీసులు పంపి, గొడవయ్యాక ఆయన క్షమాపణ చెప్పాడు కూడా.

సీసాకి వంటవాడు రోజూ అక్కర్లేదు. పాడవదు, అద్దె తక్కువ, దేశమంతా అమ్ముకోవచ్చు. పేరున్న చెఫ్‌కి హోటల్ కన్నా అదే లాభం. దాన్ని నేను తప్పనను. కానీ కో రెస్టారెంట్‌లో ఆ కౌంటర్ వెనక నిలబడి వండినవాళ్ళకి ఆ సీసాలో వాటా ఏముంటుంది?

---

బెజవాడ_మిర్చి · అక్టోబర్ 25, శనివారం ఉదయం

అందరూ ఇంత ప్రేమగా రాస్తుంటే నేను వేరే మాట అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. తెల్లాయన థాయ్ వంట చేస్తే అవార్డులు, స్టార్లు, పుస్తకాలు. అదే సలాడ్‌ని థాయ్ కుటుంబం ఏ స్ట్రిప్ మాల్‌లోనో ముప్ఫై ఏళ్ళుగా దంచుతుంటే "చవగ్గా దొరుకుతుంది" అంటారు. వాళ్ళు మూసేస్తే ఐదేళ్ళ తర్వాత ఎవరైనా ఇలా గుర్తు చేసుకుంటారా? ఎక్కడో ఎవరో విదేశీయుడు పెసరట్టు పేరుతో పేపర్లకెక్కితే మన విజయవాడ బాబాయ్ హోటల్ వాళ్ళకి ఎలా ఉంటుంది?

---

తెనాలి_అమ్మాయి · శనివారం ఉదయం

మిర్చి గారూ, మీరన్నది నిజమే, నేనూ ఆలోచించాను. కానీ ఆయన అది నా కనిపెట్టుడు అని ఎప్పుడూ అనలేదు. ఏ వంట ఏ ఊరిది, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పేవాడు. ఆ వింగ్స్‌కి పేరు కూడా తన దగ్గర పనిచేసిన వియత్నాం వంటవాడిదే, ఐక్స్ వింగ్స్ అని మెనూలో ఉండేది. చాప్‌స్టిక్స్ అడిగితే, థాయ్‌లాండ్‌లో ఈ వంటలు చెంచా, ఫోర్కుతో తింటారని చెప్పేవాళ్ళు. మా అమ్మకి రోకలి చప్పుడులో తన ఇల్లు వినపడింది. అది నకిలీ అయితే అమ్మ పట్టేసేది.

---

బెజవాడ_మిర్చి · శనివారం ఉదయం

ఆయన మీద కోపం లేదండీ. గుర్తింపు ఎవరికి వస్తుందో దాని మీద బాధ. అమ్మగారి మాట ముందు నా వాదన నిలబడదు, అది ఒప్పుకుంటాను.

---

ఈస్ట్‌హామ్_వాసి · శనివారం మధ్యాహ్నం

లండన్ నుంచి రెండు మాటలు. మిర్చి గారు అడిగినదానికి ఇక్కడా ఒక ఉదాహరణ ఉంది. థాయ్ వంటకి మొదటి మిషెలిన్ స్టార్ తెచ్చింది డేవిడ్ థాంప్సన్ అనే ఆస్ట్రేలియా చెఫ్, 2001లో లండన్‌లో పెట్టిన నామ్ అనే రెస్టారెంట్‌తో. అదీ 2012లో మూతపడింది. బ్యాంకాక్‌లో ఆయన పెట్టిన నామ్ మాత్రం ఉంది, 2018 నుంచి దాన్ని నడుపుతున్నది థాయ్ మహిళ, చెఫ్ పిమ్ తేచమువన్వివిత్.

రాత్రికి రాత్రి అనే మాటకొస్తే, 2019 మే 21న జేమీ ఆలివర్ గ్రూపు కుప్పకూలిన రోజు నాకు బాగా గుర్తు. అది ఇటాలియన్ తిండి, ఇక్కడి చర్చకి కొంచెం పక్కదే. కానీ 25 రెస్టారెంట్లలో 22 ఒక్క రోజులో మూసేశారు, దాదాపు 1000 మంది ఉద్యోగాలు పోయాయి. బ్రిటన్‌లో ఆయన కన్నా పేరున్న చెఫ్ ఎవరున్నారు? తలుపుల మీద కాగితాలు అంటించి ఉన్న ఫోటోలు పేపర్లన్నిటిలో వచ్చాయి.

---

రాజన్న_చెఫ్ · శనివారం రాత్రి

మీరంతా తిన్నవాళ్ళు, నడిపినవాళ్ళు. నేను వండినవాణ్ణి, నా మాట కూడా చెప్తా.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో ఆరేళ్ళు చైనీస్, థాయ్ కిచెన్‌లలో పనిచేశా. చివరి రెండేళ్ళు టీవీలో కనపడే ఒక చెఫ్ పేరు మీద నడిచే ఆసియా రెస్టారెంట్‌లో. పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. ఆయన నెలకోసారి వచ్చి ఫోటోలు దిగి పోయేవాడు. వంట మేమే. మా లైన్‌లో నేను, డార్జిలింగ్ నుంచి ఇద్దరు, మిజోరం నుంచి ఒక తమ్ముడు, నేపాల్ నుంచి డిమ్‌సమ్ చేసే అన్న. ఆ అన్న పిండి మడతపెడుతుంటే చూడాలి, ఒక్కోదానికి పద్దెనిమిది మడతలు, లెక్క తప్పేవాడు కాదు.

పోయిన జనవరిలో ఒక ఆదివారం రాత్రి ఫుల్ సర్వీస్ చేశాం. ఒక పుట్టినరోజు పార్టీ కూడా ఉంది. రాత్రి పన్నెండున్నరకి వోక్‌లు కడిగి, నూనె పూసి బోర్లించి, గ్యాస్ కట్టేసి ఇంటికి పోయాం. సోమవారం పొద్దున పదిన్నరకి డ్యూటీకి వస్తే షట్టర్‌కి కొత్త తాళం. చికెన్ దించే ఆటో వాడు మాకన్నా ముందే వచ్చి నిలబడ్డాడు. వాడికీ రెండు లక్షల దాకా బాకీ. మేనేజర్‌కి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. మధ్యాహ్నం వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టి, గ్రూప్ డిలీట్ చేసి పోయిండు.

మాకు 47 రోజుల జీతం బాకీ. అంతకన్నా ముందు నా చాకులు లోపల ఉండిపోయాయి. మొదటి ఏడాది జీతంతో కొనుక్కున్న చాకు, పిడికి మా అమ్మ తెల్ల దారం చుట్టింది జారకుండా. దాని కోసం పందొమ్మిది రోజులు ఆ షట్టర్ ముందు తిరిగా. చివరికి బిల్డింగ్ ఓనర్ జాలిపడి తాళం తీయించి, ఎవరి సామాను వాళ్ళని తీసుకోమన్నాడు. ఫ్రిజ్‌లు కరెంటు లేక కంపు కొడుతున్నాయి. ఆదివారం రాత్రి మేం కోసి పెట్టిన స్ప్రింగ్ ఆనియన్ అట్లాగే డబ్బాలో నల్లగా అయిపోయి ఉంది.

హోటల్ మూయొద్దని నేను అనట్లేదు. నష్టం వస్తే ఎవరైనా మూస్తారు. ఒక్క వారం ముందు మాకు చెప్తే ఏం పోయేది? నేపాల్ అన్న రూమ్ అద్దె కట్టడానికి డబ్బుల్లేక ఊరికి వెళ్ళిపోయాడు. ఆదివారం సర్వీస్ చేయించుకున్నారు కదా. ఆ రాత్రికే వాళ్ళకి తెలుసు కదా, తాళం కొని పెట్టుకున్నారంటే.

---

ఎడిసన్_వంటిల్లు · శనివారం రాత్రి

రాజన్నా, నీ పోస్టు చదివి నాకు నిద్ర పట్టేలా లేదు. ఒక ఓనర్‌గా నిజం చెప్తాను, నన్ను తిట్టినా ఫర్వాలేదు.

ముందే ఎందుకు చెప్పరంటే భయం. మూసేస్తున్నారని తెలిసిన రోజే సరుకు వేసేవాడు అప్పు ఆపి నగదు అడుగుతాడు. వంటవాళ్ళలో మంచివాళ్ళు ముందే వేరే చోటికి పోతారు. గిఫ్ట్ కార్డులు కొన్నవాళ్ళు అందరూ ఒకేసారి వస్తారు. అప్పటికే కొనడానికి ఎవరైనా వస్తారేమో, పెట్టుబడి పెట్టేవాడు దొరుకుతాడేమో అని మాటలు నడుస్తుంటాయి. ఆ వార్త బయటికి పొక్కితే అదీ చెడుతుంది. ఓనర్ చివరి గంట దాకా ఏదో జరుగుతుందనే ఆశతోనే ఉంటాడు. ఆ ఆశే పనివాళ్ళని ముంచుతుంది.

2020లో నేనూ అంచు దాకా వెళ్ళాను. మార్చిలో వచ్చిన పీపీపీ లోన్‌కి, అంటే పనివాళ్ళ జీతాలు ఆగకుండా చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇప్పించిన అప్పుకి, మొదట ఎనిమిది వారాల్లోనే ఖర్చుపెట్టాలని, అందులో 75 శాతం జీతాలకే పెట్టాలని నిబంధన. అప్పుడే ఆ లోన్ మాఫీ అవుతుంది. హోటల్ మూసి ఉంటే ఎనిమిది వారాలు ఎవరికి జీతం ఇస్తాం? జూన్‌లో దాన్ని 24 వారాలకి, 60 శాతానికి మార్చారు. అప్పటికి చాలామంది తాళాలు వేసేశారు. నేను ఆ ఏప్రిల్‌లో మా అయిదుగురినీ కూర్చోబెట్టి బ్యాంకు ఖాతాలో ఎంతుందో తెరిచి చూపించాను. ఇద్దరు వెళ్ళిపోయారు, ముగ్గురు ఉన్నారు. వెళ్ళిన ఇద్దరికీ ఆ రోజు దాకా లెక్క కట్టి ఇచ్చాను. గొప్ప కోసం చెప్పట్లేదు. భయం ఉన్నా చెప్పొచ్చు, చెప్తే కొంప మునగలేదు అని చెప్పడానికే.

---

హిల్స్‌బరో_వాసి · శనివారం రాత్రి

ఎడిసన్ గారూ, మీ జవాబుతో నా ప్రశ్న తీరింది. కానీ రాజన్న పోస్టు చదివాక అసలు నేను తప్పు ప్రశ్న అడిగానేమో అనిపిస్తోంది. ఐదేళ్ళుగా ఆండీ రికర్‌కి ఏమైందో అని వెతికి చదివాను. ఆయన థాయ్‌లాండ్ వెళ్ళిపోయాడని తెలుసు. ఆ సలాడ్ దంచిన కుర్రాడు ఏమయ్యాడో ఒక్కసారి కూడా అనుకోలేదు. మా బల్లకి ఎప్పుడూ వచ్చే ఒకావిడ ఉండేది, మా పాపకి పాండన్ నీళ్ళు ఇష్టమని అడగకుండానే ఇంకో సీసా తెచ్చి పెట్టేది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. నిరుద్యోగ భృతి మీద ప్రభుత్వం అదనంగా ఇచ్చిన వారానికి 600 డాలర్లు కూడా ఆ జూలై చివరికి ఆగిపోయాయి. అప్పుడు ఎలా గడిపిందో.

---

లాయర్_పద్మ · అక్టోబర్ 26, ఆదివారం ఉదయం

రాజన్న తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో కార్మిక కేసులు చూస్తాను. నీ సంగతి వదిలేయకు.

తెలంగాణలో హోటళ్ళకీ 1988 నాటి షాపుల చట్టం వర్తిస్తుంది. వరుసగా ఆరు నెలలు పనిచేసినవాణ్ణి సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసో, దాని బదులు నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. 47 రోజుల బాకీ జీతం దానికి అదనం. అమెరికాలో అయితే 100 మందో అంతకన్నా ఎక్కువో ఉన్న కంపెనీ 60 రోజుల ముందు నోటీసివ్వాలని చట్టముంది, చిన్న హోటళ్ళకి అది తగలదు. మన దగ్గర చిన్న హోటల్ పనివాడికి కూడా ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు.

మీ ఏరియా లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ నంబర్, ఈఎస్ఐ కార్డు, డ్యూటీ టైమింగ్స్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, యూనిఫాంలో దిగిన ఫోటో, ఏది ఉంటే అది తీసుకెళ్ళండి. అపాయింట్‌మెంట్ లెటర్ లేదని వెనక్కి తగ్గకండి. ఒక్కడివే వెళ్ళకు. ఎంతమంది ఉంటే అంతమంది ఒకేసారి ఇవ్వండి. బోర్డు మీద పేరున్న చెఫ్‌ది ఆ కంపెనీయా, లేక పేరు మాత్రం అద్దెకిచ్చాడా అన్నది ముందు తేల్చుకోవాలి. చాలాసార్లు పేరు ఒకరిది, లైసెన్స్ ఇంకొకరిది. జీఎస్టీ బిల్లు పాతది ఒకటి సంపాదించు, అసలు యజమాని ఎవరో అందులో తెలుస్తుంది. నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు, ఫీజు గురించి టెన్షన్ పడకు.

---

రాజన్న_చెఫ్ · ఆదివారం సాయంత్రం

పద్మక్కా, మీకు మెసేజ్ పెట్టా. చూడండి.

పొద్దుటి నుంచి ఫోన్ల మీదే ఉన్నా. మొత్తం తొమ్మిది మందిమి, అందులో ఏడుగురం ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాం. ఇద్దరు వేరే హోటల్‌లో, ఒకతను ఫుడ్ డెలివరీ, నేను కొండాపూర్‌లో కొత్తగా తెరిచిన కిచెన్‌లో. రేపు సోమవారం పదింటికి లేబర్ ఆఫీసుకి పోతున్నాం. మా కొత్త ఓనర్‌కి చెప్పి సెలవు అడిగా, పోయి రా అన్నాడు.

పుట్టినరోజు పార్టీ వాళ్ళలో ఒకరు ఆ రాత్రి బిల్లు ఫోటో తీసి రివ్యూలో పెట్టారు, దాని మీద జీఎస్టీ నంబర్ కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

నేపాల్ అన్న పోఖరాలో ఉన్నాడు. రాలేను అన్నాడు. కానీ డిసెంబర్ దాకా తనకి పడ్డ జీతాల మెసేజ్‌లన్నీ ఫోన్‌లో దాచిపెట్టుకున్నాడట, ఇప్పుడే ఒక్కొక్కటిగా పంపుతున్నాడు. పద్నాలుగు వచ్చాయి. ఇంకా వస్తున్నాయి.